చప్పుడు లేని డ్రమ్ములు

మన కాలనీలో ఏ గంటకి చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. ఎ షిఫ్టు వాళ్లు తెల్లారగట్ల నాలుగున్నరకే లేస్తారు. బి షిఫ్టు వాళ్లు రాత్రి పదిన్నర దాటాక అన్నం తింటారు. సి షిఫ్టు వాళ్లు పొద్దున్న ఏడింటికి కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకుంటారు. అందుకే మన ఇళ్లల్లో పిల్లలకి మాటలు సరిగా రాకముందే ‘ష్’ అంటే ఏమిటో తెలుస్తుంది. ఇలాంటి చోట ఒక పిల్ల డ్రమ్స్ నేర్చుకుంటానంటే ఏం చెయ్యాలి?

మా పాపకి పన్నెండేళ్లు. అన్నం తింటూ కంచం మీద, చదువుకుంటూ బల్ల మీద, బస్సులో కిటికీ ఊచ మీద తాళం వేస్తూనే ఉంటుంది. నేను కాలనీ ఆర్కెస్ట్రాలో కొన్నేళ్లు ప్యాడ్ వాయించాను కాబట్టి ఆ చేతుల్లో ఉన్నది అల్లరో, లయో పోల్చుకోగలను. మామూలు డ్రమ్ సెట్ మన క్వార్టర్లలో పెట్టుకునే వస్తువు కాదు. గట్టిగా వాయిస్తే 100 డెసిబెల్స్ దాటిపోతుంది. అందుకని ఈసారి బోనస్ డబ్బులకి ఇంకొంచెం కలిపి ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్ తీసుకున్నాం. మా ఆవిడ అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగింది. చివరికి తనే తేల్చేసింది: “వాషింగ్ మెషీను వచ్చే ఏడు కొందాం లెండి. దానికి వయసు దాటిపోదు కదా.”

విశాఖపట్నం నుంచి రాయగడ దాకా రెండు పెద్ద పెట్టెలు రైల్లో తెచ్చాను. అప్పట్నుంచి దాన్ని ఎలా బిగించారు, ఎలా సరిచేశారు, నిజంగా చప్పుడు రాదా అని అడగనివాళ్లు లేరు. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇది రాస్తున్నాను.

డప్పుల సంగతిలో మన ప్రాంతానికి ఎప్పుడూ కరువు లేదు. కోరాపుట్ కొండల్లో ధెంసా ఆడుతుంటే ఢోలు, టమక్, మహురి మోగుతాయి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖ జిల్లాలోనివే. 1992 దాకా రాయగడ కూడా కోరాపుట్ జిల్లాలో భాగమే. మన పెద్దవాళ్లు ఉపాధి కోసం కొండెక్కి వచ్చినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం పల్లెల తప్పెటగుళ్లు కూడా వెంట తెచ్చుకున్నారు. ఈ వాయిద్యాల్లో ఒక్కటి కూడా తీసిన వెంటనే వాయించేది కాదు. డప్పుని మంట దగ్గర కాచాలి. తబలా గట్టాల్ని సుత్తితో సరిచెయ్యాలి. మృదంగానికి ఎడమవైపు రవ్వ అంటించాలి. కరెంటుతో పలికే డ్రమ్ముకి ఆ బాధ ఉండదని చాలామంది అనుకుంటారు. అది కూడా తెచ్చిన రోజున పలికేది దాన్ని తయారుచేసినవాళ్ల చేతికే. మన చేతికి పలకాలంటే మనం కూర్చుని శ్రుతి చేసుకోవాలి.

ముందుగా అది ఎలా పనిచేస్తుందో చెప్తాను. వంటింట్లో టక్కుమని నొక్కే గ్యాస్ లైటర్ ఉంటుంది కదా. దానిలో బ్యాటరీ ఉండదు. లోపల ఒక చిన్న ముక్క మీద దెబ్బ పడితే కరెంటు పుట్టి నిప్పురవ్వ వస్తుంది. దెబ్బకి కరెంటు పుట్టించే ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. డ్రమ్ ప్యాడ్ కింద కూడా అలాంటిదే ఒక పల్చటి బిళ్ల ఉంటుంది. పైన పుల్లతో కొడితే బిళ్ల అదిరి, అతి చిన్న కరెంటు తీగలోంచి డబ్బాకి వెళ్తుంది. ఆ డబ్బానే మాడ్యూల్ అంటారు. దెబ్బ ఎంత గట్టిదో అది లెక్క చూసుకుని, తనలో దాచిపెట్టుకున్న డ్రమ్ శబ్దాన్ని అంత గట్టిగా హెడ్‌ఫోన్‌లోకి పంపుతుంది. బయటివాళ్లకి మాత్రం రబ్బరు మీద పుల్ల తగిలిన టప్ టప్ చప్పుడే వినిపిస్తుంది.

మన ఆర్కెస్ట్రాల్లో ఉండే ఎనిమిది గడుల ప్యాడ్ దీనికి దగ్గర చుట్టమే. రోలాండ్ కంపెనీ మొదటి ఆక్టాప్యాడ్ వచ్చింది 1985లో. అంతకుముందే, 1981లో, ఇంగ్లండులో సిమన్స్ వాళ్ల ఆరు పలకల డ్రమ్ములు వచ్చాయి. వాటి పైభాగం మరీ గట్టిగా ఉండి, వాయించేవాళ్లకి మణికట్లు నొప్పి పుట్టేవి. 1997లో రోలాండ్ వాళ్లు గట్టి పలక బదులు జల్లెడలాంటి నేతగుడ్డ బిగించిన ప్యాడ్లు తెచ్చాక ఆ నొప్పి తగ్గింది. దాన్ని మెష్ అంటారు. మేం కొన్నదాంట్లో స్నేర్‌కి, మూడు టామ్‌లకి మెష్ ఉంది. తాళాలకి రబ్బరు ఉంది.

ఇక బిగింపు. నేను మెయింటెనెన్సు ఫిట్టర్ని. ఏ పనికైనా ముందు సామాను నేల మీద పరిచి లెక్క చూసుకోవడం అలవాటు. పైపులు, క్లాంపులు, ప్యాడ్లు, తీగలు వేరువేరుగా పేర్చాం. మా పాపది ఎడమ చేతివాటం. పుస్తకంలో బొమ్మలన్నీ కుడిచేతి వాళ్లకే వేసి ఉన్నాయి. “నేను కుడిచేత్తో నేర్చుకుంటాలే నాన్నా” అంది. ఎందుకమ్మా? పైపుల ఫ్రేము మనం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. హై-హ్యాట్ తాళాన్ని కుడిపక్కకి, పెద్ద టామ్‌ని ఎడమపక్కకి మార్చాం. కిక్ పెడలు ఎడమ కాలి కిందకి వచ్చింది. అద్దంలో చూసినట్టు అంతా తారుమారు. అదనంగా పట్టింది ఓ గంట. మిల్లులో మిషను మనకోసం ఎటూ జరగదు, దాని ముందు మనమే నిలబడే తీరు మార్చుకోవాలి. ఇంట్లో వస్తువు విషయంలోనూ పిల్ల అలాగే సర్దుకోవాలా?

ముందు స్టూలు ఎత్తు సరిచెయ్యాలి, మిగతావన్నీ దాన్నిబట్టి. కూర్చుంటే తొడలు మోకాళ్ల వైపు కొంచెం కిందికి వాలాలి, పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. భుజాలు ఎత్తకుండా, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండగానే పుల్ల స్నేర్ మధ్యలో పడాలి. కళ్లు మూసుకుని ఒక్కో ప్యాడ్ కొట్టమన్నాను. చెయ్యి ఎక్కడ వెతుక్కుందో అక్కడ ప్యాడ్‌ని జరిపాను. పిల్ల ఎదుగుతుంది కాబట్టి ఆరునెలలకోసారి మళ్లీ చూడాలి. బడి బూట్లు చూసినట్టే.

తరవాత మెష్ బిగింపు. చుట్టూ ఉన్న మరల్ని వరసగా బిగించుకుంటూ పోకూడదు. మన ఫిట్టర్లు ఫ్లాంజ్ బోల్టులు బిగించినట్టు, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది, కొంచెం కొంచెంగా. లేకపోతే ఒకపక్క లాగేసి, ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది. మధ్యలో వేలితో నొక్కితే కాస్త దిగి వెంటనే పైకి రావాలి. ఇక్కడ బిగించినంత మాత్రాన శబ్దం మారదు. మారేది పుల్ల ఎగిరే తీరే.

అప్పుడు మాడ్యూల్ దగ్గరికి రావాలి. దానిలో చాలా అంకెలు ఉంటాయి గానీ ముఖ్యమైనవి నాలుగే.

మొదటిది సెన్సిటివిటీ, అంటే చేతి బరువు. మా సెట్‌లో అది పెద్ద మగవాడి చేతికి సరిపోయేలా పెట్టి ఉంది. మా పాప గట్టిగా కొట్టినా గీత సగం దాకానే వెళ్లేది. అలా వదిలేస్తే పిల్ల శబ్దం కోసం చేతులు విరగ్గొట్టుకుంటుంది. తన గట్టి దెబ్బకి గీత సరిగ్గా చివరిదాకా వెళ్లేవరకు పెంచాం. మరీ పెంచితే మెల్లగా తాకినా పెద్ద శబ్దమే వచ్చి, గట్టిదెబ్బకీ మెత్తదెబ్బకీ తేడా పోతుంది.

రెండోది థ్రెషోల్డ్, అంటే గడప. గడప దాటిన దెబ్బనే మాడ్యూల్ లెక్కలోకి తీసుకుంటుంది. గడప ఎత్తుగా ఉంటే పుల్లకొనతో వేసే సన్నని దెబ్బలు వినపడవు. మరీ కిందికి దించితే ఫ్రేము కాస్త కదిలినా స్నేర్ దానంతటదే పలుకుతుంది. అలా పలికేదాకా దించి, అక్కడనుంచి ఒకటి రెండు అంకెలు పైకి తెస్తే సరిపోతుంది.

మూడోది రీట్రిగర్. ఒక్క దెబ్బ కొడితే రెండు పలుకుతుంటే ఇది చూడాలి. ముందు మెష్ బిగింపు సరిగ్గా ఉందో లేదో చూసి, అప్పుడు అంకె మార్చాలి.

నాలుగోది క్రాస్‌టాక్. టామ్ కొడితే ఎక్కడో ఉన్న క్రాష్ తాళం కూడా మోగుతుంది. కారణం పైపులే. అన్ని ప్యాడ్లూ ఒకే ఫ్రేముకి ఉన్నాయి కాబట్టి ఒకచోటి అదురు ఇంకోచోటికి పాకుతుంది. ముందు క్లాంపులన్నీ బిగించి, తీగలు ప్యాడ్లకి తగలకుండా కట్టాలి. ఇంకా మోగుతుంటే అప్పుడు మాడ్యూల్‌లో సరిచెయ్యాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఒకసారికి ఒక్క అంకే మార్చండి, మార్చేముందు పాతది నోటుబుక్కులో రాసుకోండి. లాగ్‌బుక్ రాసే చేతులు మనవి, ఇది మనకి కొత్త కాదు. మా పాప తన లెక్కల నోటు వెనక పేజీలో ఎనిమిది ప్యాడ్ల అంకెలూ గళ్లు కొట్టి రాసింది. మూడు రోజులు పట్టింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంట్లో అంతా నిశ్శబ్దమే. అయితే ఆ మాట కింద క్వార్టర్ వాళ్లు చెప్పాలి గానీ మనం చెప్పుకుంటే చాలదు. కింద ఉండే ఒడియా భాయి నెలలో పదిరోజులు సి షిఫ్టు. ఆయన ఖాళీగా ఉన్న రోజు చూసి, “భాయీ, ఓ పావుగంట మీ ఇంట్లో కూర్చుంటాను, పైన పాప వాయిస్తుంది” అని అడిగాను. ఆయన టీ పెట్టించి నా పక్కనే కూర్చున్నాడు. స్నేర్ వినపడలేదు. తాళాలు వినపడలేదు. కాలి పెడలు మాత్రం ధప్, ధప్ మని దిగుతోంది. “రోకలి పోటులా ఉంది” అన్నాడు ఆయన మన తెలుగులోనే. అది గాలిలోంచి వచ్చే చప్పుడు కాదు, శ్లాబు మోసుకొచ్చే అదురు. హెడ్‌ఫోన్‌కీ దానికీ సంబంధం లేదు.

మిల్లులో పంపుల కింద రబ్బరు దిమ్మలు ఎందుకు వేస్తామో, ఇక్కడా అదే మందు. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడుగు ప్లైవుడ్ పలకలు రెండు తీసుకున్నాం. ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా వచ్చేలా రెండింటికీ నాలుగున్నర సెంటీమీటర్ల గుండ్రని కన్నాలు కొట్టించాం. టెన్నిస్ బంతి అడ్డం ఆరున్నర సెంటీమీటర్లకి పైనే ఉంటుంది కాబట్టి కన్నంలో కూర్చుంటుంది గానీ కిందికి జారదు. కాలనీ పిల్లలు క్రికెట్ ఆడి అరగదీసిన బంతులు ముప్పై పోగుచేశారు. కింద పలక, మధ్యలో బంతులు, పైన ఇంకో పలక. ఆ పైన స్క్రాప్ కొట్టులో కొన్న పాత పేపర్ మిషన్ ఫెల్ట్ పరిచాం. పెడలు జారకుండా అది పట్టుకుంటుంది. మొత్తం సెట్టు, స్టూలు కూడా ఆ పలక మీదే. మళ్లీ కిందికి వెళ్లి కూర్చున్నాను. వాయించడం మొదలయిందో లేదో ఇద్దరికీ తెలియలేదు. భాయి పైకి ఫోను చేసి, “బేటీ, మొదలుపెట్టావా?” అని అడిగితే, “ఇప్పుడే ఆపాను అంకుల్” అంది.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన కుర్రతనంలో తప్పెటగుళ్ల దళంలో ఆడారు. తప్పెటని మెడకి తగిలించి గుండె మీద కట్టుకుంటారు. రెండు చేతులతో దాన్ని వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో అడుగులు వేస్తూ గుంపుగా పాడతారు. తరవాత ఒక జూట్ మిల్లులో మగ్గాల షెడ్డులో పాతికేళ్లు పనిచేశారు. ఆ షెడ్డుల్లో మనుషులు నోటితో కాదు, సైగలతో మాట్లాడుకునేవారు. రిటైరయ్యేనాటికి రెండు చెవులూ బాగా తగ్గిపోయాయి. మిషన్ పెట్టుకుంటే మాటలు కొంచెం తెలుస్తాయి, పాట మాత్రం గోలలా ఉంటుందంటారు. టీవీలో పాటలొస్తే లేచి వరండాలోకి వెళ్లిపోతారు.

సెట్టు బిగిస్తున్నన్నాళ్లూ ఆయన కుర్చీలో కూర్చుని చూశారు, ఏమీ అనలేదు. ఒకరోజు పాప వాయిస్తుంటే లేచివచ్చి ఫ్రేము పైపు మీద అరచెయ్యి పెట్టారు. నాకు వెంటనే క్రాస్‌టాక్ గుర్తొచ్చింది. మాడ్యూల్‌కి నేను ఏ అదురుని వినొద్దని చెప్పానో, అది పైపులో అలాగే ఉంది. ఆయన చేతికి అది అందుతోంది. ఒక కాలు ఫెల్ట్ పరిచిన పలక మీద పెట్టారు, కిక్ పాదానికి తెలుస్తోంది. కాసేపు కళ్లు మూసుకుని, “తొందర పడిపోతన్నావు తల్లీ. మూడో దెబ్బ కాడ నిలబడటం లేదు” అన్నారు. పాప నమ్మలేదు. మాడ్యూల్‌లో మెట్రోనోమ్ 80 మీద పెట్టి మళ్లీ వాయించింది. మూడో దెబ్బ దగ్గర తను ముందుకి పోతోంది.

అప్పట్నుంచి పలక పక్కన ఒక కుర్చీ వేశాం. సాయంత్రం ఆరింటికి తాత చెయ్యి పైపు మీద, పాదం పలక మీద. పాప హెడ్‌ఫోన్‌లో. ఇద్దరికీ మాటలు అక్కర్లేదు. తప్పు పడితే ఆయన పైపు మీద రెండు వేళ్లతో తడతారు. ఆయన తప్పెట మీద వేసిన అడుగుల లెక్కలు ఇప్పుడు పాప స్నేర్ మీద వేస్తోంది. పదిహేనేళ్లుగా మా ఇంట్లో లయ గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు.

అందుకే ఆఖరి సర్దుబాటు గురించి గట్టిగా చెప్తున్నాను. అది హెడ్‌ఫోన్ వాల్యూమ్. చప్పుడు ఇంటికి తగ్గింది కదా అని పిల్ల చెవిలో పోస్తే ఏం లాభం? మన ఫ్యాక్టరీ రూల్స్‌లో 90 డెసిబెల్స్ చప్పుడులో 8 గంటలకి మించి ఉండకూడదని ఉంటుంది. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలు, 105 అయితే గంటే. ఐదు పెరిగితే టైము సగం అవుతుంది. చప్పుడు వల్ల వచ్చే చెవుడుని 1948 ఫ్యాక్టరీల చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో పెట్టింది. ఆ లెక్కలు పెద్దవాళ్ల పనికి పెట్టినవి, పిల్లలు వాటికి చాలా కింద ఉండాలి. మా ఇంట్లో పద్ధతి ఇది: పాప వాయిస్తుంటే నేను రెండు గజాల దూరం నుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలుస్తాను. వినిపించాలి. వినిపించకపోతే వాల్యూమ్ తగ్గాలి. ఆ బటన్ పక్కన మార్కర్‌తో గీత గీశాం, అది దాటకూడదు. అరగంటకోసారి హెడ్‌ఫోన్ తీసి చెవులకి విశ్రాంతి ఇవ్వాలి. మిల్లులో ఇయర్ ప్లగ్గులు జేబులో వేసుకుని తిరిగే తమ్ముళ్లకి కూడా ఇదే మాట. అవి జేబు కోసం ఇచ్చినవి కావు.

ఇంకో రెండు జాగ్రత్తలు. మన దగ్గర కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగురుతుంది. వాయించడం అయిపోగానే ప్లగ్గు తీసేయండి. కోరాపుట్ వైపు ఉండేవాళ్లకి వర్షాకాలమంతా చెమ్మే. మెష్‌కి చర్మంలాగా వదులయ్యే బాధ లేదు గానీ తీగల కొనల్లో తుప్పు పడుతుంది. నెలకోసారి తీసి పొడిగుడ్డతో తుడవాలి.

సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజకి కాలనీ స్టేజీ మీద పాప మొదటిసారి వాయిస్తుంది. ఆరోజు సెట్టుని స్పీకర్లకి కలుపుతాం, కాబట్టి అందరికీ వినపడుతుంది. సి షిఫ్టు వాళ్లు ఒక్క సాయంత్రం ఓర్చుకోవాలి. మీ పిల్లల్లో ఎవరైనా కంచాల మీద తాళం వేస్తుంటే ఆదివారం పూట మా ఇంటికి తీసుకురండి. ఒకసారి కూర్చోబెట్టి చూద్దాం. పలక చేసుకుంటానంటే ఫెల్ట్ ముక్క ఇంకా ఉంది, బంతులు మాత్రం మీ బ్లాకు పిల్లల్నే అడగాలి.